పెట్టెల కింద గిన్నెలు

జీడితోటలు పూత మీదున్న రోజులు. పొద్దున్నే వెళ్లేసరికి నా తేనెపెట్టెల ముందు ఈగలు కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. కొన్ని ఇంకా గిలగిలా కొట్టుకుంటున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పక్క తోట మావ పూతకి మందు కొట్టేశాడు, ఇంకెవరు!

కంచె దగ్గరికెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఒక్క మాట సెప్పకుండా మందెలా కొట్టేసినావు మావా? నా ఈగలన్నీ సచ్చిపోనాయి!"

"నానింకా మందే కొననేదమ్మా," అంటూ ఆయన కంచె దాటి వచ్చాడు. చచ్చిన ఈగల్ని చూశాడు. పెట్టెల చుట్టూ తిరిగి, వంగి, స్టాండు కాళ్ల కిందున్న నీళ్ల గిన్నెల్లోకి చూశాడు. చీమలు పైకెక్కకుండా నేను పెట్టిన గిన్నెలే అవి.

"నీల్లు తెల్లగున్నాయేటి? ఇందులో ఏటేసినావు?"

చీమల మందు. ఎండకి నీళ్లు ఇగిరిపోయి చీమలు ఎక్కేస్తుంటే విసుగొచ్చి, రాజాంలో కొన్న పొడి నిన్న మధ్యాహ్నం మళ్లీ నీళ్లు పోసి గిన్నెకో చెంచా కలిపాను. చేతులు దులుపుకుని, పని తేలికైందని సంబరపడ్డాను కూడా.

కిందటి వారమే, ఆ గిన్నెల అంచున బారులు తీరి నీళ్లు తాగుతున్న ఈగల్ని ఫోన్లో వీడియో తీసి, ముచ్చటపడి ఊరంతా చూపించాను. ఈ మావకే రెండుసార్లు చూపించాను.

ఆ నీళ్లు పారబోద్దామని నేను చెయ్యి చాపేలోపే ఇంకో ఈగ వచ్చి గిన్నె అంచున వాలి, నీళ్లలో మూతి ముంచింది.