మామయ్య దోమల బ్యాట్

మా మామయ్య ఎదురుపడిన మనిషి మొహం చూడడు, పొట్ట చూస్తాడు. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట ముందుకొస్తే ఆ మనిషి మంచివాడు. భుజాలు పైకి లేచాయా, ఇక వాడి పని అయిపోయినట్టే. బస్టాపనీ లేదు, బ్యాంకనీ లేదు, అక్కడికక్కడే ఆపేసి "ఏదీ, ఇంకోసారి పీల్చండి" అంటాడు. విచిత్రమేమిటంటే చాలామంది పీలుస్తారు. ఆ గొంతులో ఏం మత్తుందో గానీ, ఎంత హడావిడిలో ఉన్నవాడైనా ఓ క్షణం కళ్ళు మూసుకుని నిలబడిపోతాడు.

ఇంట్లో అత్తయ్య పరిస్థితి మరీ ఘోరం. పాపం, ఆవిడకి నిట్టూర్చే స్వేచ్ఛ కూడా లేదు.

"ఏం ఖర్మరా బాబూ నాది!" అని ఆవిడ నిట్టూరిస్తే మామయ్య పేపరు దించేవాడు.

"పైపైన నిట్టూర్చకు. కడుపులోంచి రానీ."

"అంటే నా కోపం మీకు లెక్కలేదా?"

"కోపం బ్రహ్మాండంగా ఉంది. మధ్యలో గాలే అందట్లేదు. బాగా పీల్చుకుని మళ్ళీ మొదలెట్టు."

అత్తయ్య పీల్చుకుని మళ్ళీ మొదలెట్టేది. ఆ పీల్చుకోవడంలోనే సగం కోపం దిగిపోయేది. "మనసారా తిట్టుకోవడానికి కూడా లేదే ఈ ఇంట్లో" అని నా దగ్గర మొరపెట్టుకునేది.

ఈ పిచ్చికి పిలిచి జీతమిచ్చిన చోటు మా జూడో క్లబ్బు. ఒక పాత గోదాము పై అంతస్తులో ఉండేది. కింద అట్టపెట్టెలు, పైన మేము. మీద పడి కలబడే ఆటల్లో చేతులూ కాళ్ళకంటే ముందు ఊపిరి కండరాలు అలిసిపోతాయనీ, వాటికీ కసరత్తు కావాలనీ మామయ్య సిద్ధాంతం. మాకందరికీ తలో చిన్న గొట్టం ఇచ్చాడు. లోపల స్ప్రింగు ఉంటుంది. అది బిగించేకొద్దీ గాలి పీల్చడం కష్టమవుతుంది. అందరం వరసగా కూర్చుని గొట్టాలు పీలుస్తుంటే, మెట్లెక్కి వచ్చిన కరెంటు మీటరు మనిషి గుమ్మంలోనే ఆగిపోయి, "ఏదైనా లీకవుతోందా?" అని అడిగాడు. అతన్నీ కూర్చోబెట్టి పీల్పించాడు మామయ్య.

నా సంగతి చెప్పాలి. నిలబడి ఆడినంతసేపూ నేను పులిని. ఎవరైనా నన్ను పడేసి మీద పడుకున్నారంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. ఛాతీ మీద బరువు పడగానే గాలి గొంతు దాటి లోపలికి దిగేది కాదు, చచ్చిపోతున్నాననిపించేది. జూడోలో వెల్లకిలా పడ్డవాళ్ళని ఇరవై సెకన్లు కదలకుండా అదిమిపెడితే ఆట పైవాళ్ళదే. చాప మీద అరచేత్తో కొడితే ఓటమి ఒప్పుకున్నట్టు. నేను మూడో సెకనుకే కొట్టేసేదాన్ని. జట్టు ఎంపికలు దగ్గర పడుతున్నాయి. ఆ జట్టులో చోటు కోసం చిన్నప్పట్నుంచీ కలలు కంటున్నాను. నా భయం బయటపడితే ఇంటికి పొమ్మంటారు.

ఒకరోజు సాధనలో మా కెప్టెన్ నా మీద పడింది. ఆవిడ్ని మేం ముద్దుగా బుల్డోజర్ అనేవాళ్ళం. నేను వెంటనే చాప మీద ఫట్‌మని కొట్టాను.

"అప్పుడే ఒప్పేసుకున్నావా?" అంది బుల్డోజర్ లేస్తూ.

"లేదక్కా... దోమ" అన్నాను.

చుట్టూ అందరూ నవ్వడానికి సిద్ధమవుతున్నారు. ఇంతలో మామయ్య గోడ దగ్గర్నుంచి గంభీరంగా, "నిజమే, ఈ హాల్లో దోమలు ఎక్కువయ్యాయి. నేనూ గమనిస్తున్నా" అన్నాడు.

మర్నాడు రెండు రకాల సరంజామాతో దిగాడు. ఒకటి, దోమల్ని చంపే కరెంటు బ్యాట్. రెండు, ఇసుక సంచులు.

బ్యాట్ పట్టుకుని చాప చుట్టూ కాపలావాడిలా తిరిగేవాడు. నేను కింద పడి చెయ్యి లేపితే చాలు, "ఆగండాగండి, దోమ!" అని కేకేసి మధ్యలోకి దూకేవాడు. బుల్డోజర్ లేచేది, నాకు గాలి ఆడేది. మామయ్య శూన్యంలో బ్యాట్ అటూ ఇటూ విసిరి, "తప్పించుకుంది దొంగముండ" అనేవాడు. క్లబ్బంతా ఆయన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. కాస్త వెర్రి ముదిరిందని నేను కూడా అనుకున్నాను.

ఇక సంచులు. మధ్యాహ్నం సాధన అయ్యాక అందరూ చాప మీద పడుకుని పొట్ట మీద ఇసుక సంచి పెట్టుకోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు.

"మాస్టారూ, మనం నేర్చుకునేది జూడోనా, నిద్రా?" అంది బుల్డోజర్.

"ముందు పడుకో. తేడా తర్వాత తెలుస్తుంది."

క్లబ్బు అధ్యక్షుడు తనిఖీకొస్తే ఆయన బొజ్జ మీద కూడా సంచి పెట్టాడు. ఆయన హాయిగా గుర్రు పెట్టాడు. లేచాక తనిఖీ సంగతే మర్చిపోయి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కలల్లోకి వస్తాయి. ఎత్తు కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగేది. అందులో దుమ్ము మెల్లగా తేలేది. సంచులన్నీ ఒక్కసారే లేచేవి, ఒక్కసారే దిగేవి. హాలే ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. మామయ్య చప్పుడు లేకుండా మా మధ్య నడుస్తూ, "ఛాతీ మూసుకుపోతే పోనీ. నడుం వైపు పీల్చు. వీపులోకి పీల్చు. గాలికి చాలా గదులున్నాయి" అనేవాడు. నేను ఆ గదులన్నీ తిరిగేదాన్ని. పొట్ట మీది సంచి ఎప్పుడు ఛాతీ మీదకొచ్చిందో, ఒకటి రెండెప్పుడయిందో నాకు తెలియనే లేదు. ఒకరోజు కళ్ళు తెరిచేసరికి సంచుల బదులు బుల్డోజర్ అడ్డంగా పడుకుని ఆవలిస్తోంది.

ఎంపికల రోజు అత్తయ్యా మామయ్యా ఇద్దరూ వచ్చారు. గేటు దగ్గర మామయ్య చేతిలో బ్యాట్ చూసి కాపలాదారు, "ఇక్కడ దోమల్లేవండీ" అన్నాడు. "మీరు పైపైన పీలుస్తున్నారు, మీకెలా తెలుస్తుంది?" అని మామయ్య లోపలికొచ్చేశాడు.

నా ప్రత్యర్థి ముందు బుల్డోజర్ బొమ్మకారు. ఒక్క తిప్పు తిప్పి నన్ను పడేసి, మొత్తం బరువు నా ఛాతీ మీద వేసింది. గాలి ఆగిపోయింది. పాత భయం మళ్ళీ మీదికొచ్చింది. నా అరచెయ్యి దానంతటదే లేచింది. జనంలో మామయ్య కనిపించాడు. ఆయన లేవలేదు, దూకలేదు. బ్యాట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని, నెమ్మదిగా పీలుస్తున్నాడు.

నేనూ పీల్చాను. ఛాతీలోకి కాదు, వీపులోకి. అక్కడ గది ఖాళీగానే ఉంది. ఎండ, దుమ్ము, సంచులు అన్నీ గుర్తొచ్చాయి. కేకలన్నీ దూరమయ్యాయి. లేచిన చేత్తో చాపని కొట్టలేదు, ఆమె నడుం పట్టీ పట్టుకున్నాను. నా మీద ఆమె రొప్పు వినిపిస్తోంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయ్యో, పైపైన పీలుస్తోందే అనుకుని, అదను చూసి రెండు కాళ్ళతో ఆమె కాలు మెలేశాను. పట్టు విడిపోయింది. లేచి నిలబడ్డాక ఆమెలో సత్తువ మిగల్లేదు. ఎత్తి పడేశాను.

జట్టు పేర్లలో నా పేరు చదివాక పరిగెత్తుకుంటూ వెళ్ళాను. మామయ్య బ్యాట్ అత్తయ్య చేతికిస్తూ, "ఇంక ఇంట్లో పడెయ్. దోమలు పోయినట్టున్నాయి" అన్నాడు.

"ఉంటే మాత్రం ఇదేం చంపుతుంది నా మొహం!" అంది అత్తయ్య. "కొన్నప్పట్నుంచీ ఒక్కసారైనా ఛార్జింగ్ పెట్టారా? ఆ ఛార్జరు కవరు ఇంకా చింపనేలేదు, మంచం కింద అలాగే ఉంది."

దోమ మాట నేను అన్నది ఒక్కసారి. ఇన్నాళ్ళూ దాన్ని మోసింది ఆయన. నన్ను చూసి నవ్వాల్సిన క్లబ్బంతా ఆయన్ని చూసి నవ్వింది. నా ఒక్కదాని కోసం అధ్యక్షుడితో సహా అందర్నీ పడుకోబెట్టాడు. ఎంత మంచివాడు మా మామయ్య! ఏదో అందామని నోరు తెరిస్తే పెద్ద నిట్టూర్పొచ్చింది.

మామయ్య నా మొహం చూడలేదు. పొట్ట చూశాడు.

"ఆఁ, ఇదీ నిట్టూర్పంటే! చూసి నేర్చుకో" అన్నాడు అత్తయ్యతో.

అత్తయ్య కడుపులోంచి పీల్చుకుని తిట్టడం మొదలెట్టింది.