లెక్కలోకి రాని గోడ

నిచ్చెనల మేస్త్రి జేబులో కొలత టేపు లేని రోజు లేదు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునేలోపు గుమ్మం ఎత్తు ఎంతో చూపుతోనే కొలిచేస్తాడనీ, ఆ చూపు మీద నమ్మకం చాలక మళ్ళీ టేపు తీస్తాడనీ భార్య చెప్పి నవ్వేది. అలాంటి మనిషి యాభై నాలుగో ఏట, తనకెంత షెడ్డు కావాలో తేల్చుకోలేక అన్నం ముందు కూర్చుని కంచం అంచున వేలితో గీతలు గీస్తున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా అతను పని చేసింది ఒక సందులో, పన్నెండు అడుగుల వెడల్పూ పదిహేను అడుగుల లోతూ ఉన్న కొట్టులో. రంగులు వేసేవాళ్ళకీ, దీపాల స్తంభాలెక్కేవాళ్ళకీ, పళ్ళతోటల వాళ్ళకీ చెక్క నిచ్చెనలు అక్కడే తయారయ్యేవి. అన్నిటికంటే పొడవైనది ఇరవై నాలుగు అడుగులది. దాన్ని అటు నుంచి ఇటు తిప్పాల్సి వచ్చినప్పుడల్లా మేస్త్రి "తలకాయలు!" అని కేకేసేవాడు. సందులో నడిచేవాళ్ళు, సైకిలు మీద పోయేవాళ్ళు, ఎదురు కొట్లో దర్జీ, అందరూ ఒక్కసారిగా వంగేవారు. నిచ్చెన వాళ్ళ మీదుగా తిరిగేది. మళ్ళీ లేచి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకి తప్ప ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

కొట్టు యజమాని రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు. ఊరి చివర మేస్త్రి ఎప్పుడో కొని ఉంచిన ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేయడానికి వెల్డరు ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున గుంతలు తవ్వడం మొదలుపెడతానని చెప్పి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"స్తంభాలు కాంక్రీటులో దిగాక అటు జరుపు, ఇటు జరుపు అంటే నా వల్ల కాదన్నా. ఎన్ని అడుగులో బుధవారం సాయంత్రానికల్లా ఒక్క మాట చెప్పు."

ఆ ఒక్క మాటే రావడం లేదు. ఈ వయసులో రెండోసారి కట్టే ఓపిక తనకి లేదని మేస్త్రికి తెలుసు. ఇప్పుడు తప్పితే మిగిలిన పని రోజులన్నీ ఆ తప్పులోనే గడపాలి.

బావమరిదికి మాత్రం ఏ అనుమానమూ లేదు. కాగితం సంచులు చేసే వ్యాపారం అతనిది. యాభై అడుగుల వెడల్పున, వంద అడుగుల పొడవున షెడ్డు వేశాడు. అందులో సగం పావురాలకి పోయింది. అయినా రోజూ వచ్చి, కట్టేటప్పుడే పెద్దది కట్టాలని బావ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. మేస్త్రి భార్య ఊరుకునేది కాదు. ఆ షెడ్డులో ఈ చివర కాఫీ కలిపితే ఆ చివరికి చేరేసరికి చల్లారిపోతోందని, తమ్ముడని కూడా చూడకుండా అనేసేది.

చివరికి మేస్త్రి తన లెక్క తను వేసుకున్నాడు. ఉన్న కొట్టులో ఇరవై రెండేళ్ళు గడిచాయి. వెడల్పు రెండింతలు, పొడవు రెండింతలు చేస్తే దర్జాగా గడుస్తుంది. ఇరవై నాలుగూ, ముప్ఫై. మంగళవారం మధ్యాహ్నం ఆ రెండంకెలూ చెక్కముక్క మీద పెన్సిలుతో రాసి, కొండంత బరువు దిగినట్టు నిట్టూర్చాడు. ఎదురుగా కొట్టు మెట్టు మీద కూర్చుని గుండీలు కుడుతున్న దర్జీకి ఎత్తి చూపించాడు కూడా.

దర్జీ ముసలాయన. సందులో అందరికీ బాబాయే. కళ్ళజోడు ముక్కు మీదికి దించి అంకెలు చదివాడు. పళ్ళ మధ్య పట్టుకున్న దారం తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"బాగానే ఉందిగానీ, మరి నా గోడ ఎక్కడ పెడతావోయ్?"

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

దర్జీ గోడకి ఆరు నిచ్చెనలు ఆనించి ఉన్నాయి, వార్నిషు ఆరుతూ. దర్జీ మెట్ల పక్కన నిచ్చెన మెట్ల బుట్టలు ఉన్నాయి. నిచ్చెన పక్కకి అప్పుడే కోసిన పొడవాటి గడ ఒకటి కొట్టులోంచి సందు మధ్య దాకా చాచుకుని ఉంది. మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. రంపం మిషనుకి ఎదురుగా, వెనక గోడలో తను ఎప్పుడో చేసిన కన్నం. గడ పెరట్లోంచి ఆ కన్నం గుండా లోపలికొచ్చి, రంపం దాటి, సందులోకి పోతుంది. కొట్టు పొడవు పదిహేను అడుగులు. పని పొడవు మాత్రం వెనకింటి పెరటి నుంచి దర్జీ మెట్టు దాకా.

"మీ గోడ నేను లెక్కలో వెయ్యలేదు బాబాయ్," అన్నాడు నెమ్మదిగా.

"గోడొక్కటేనా? మా తలకాయలూ వెయ్యలేదు. ఇరవై రెండేళ్ళ నుంచీ నీ కోసం వంగీ వంగీ నాకు ఈ నడుమొచ్చింది," అన్నాడు దర్జీ, దారం మళ్ళీ సూదికెక్కిస్తూ.

ఏళ్ళ తరబడి ఎవరూ వద్దనకుండా వాడుకున్నది మనదో పరాయిదో గుర్తుండదు. మేస్త్రి టేపు తీసి, జనం చూస్తూ ఉండగానే, మొదటిసారిగా సందు కొలిచాడు. పద్దెనిమిది అడుగులు. చేతిలోని చెక్కముక్క మీద అంకెలు కొట్టేశాడు. ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక మాత్రం ఒక మంచి మాట చెప్పింది. కాగితం మీద కుదరనిది నేల మీద గీసి చూసుకుందామంది.

బుధవారం ఉదయానికల్లా బావమరిది వ్యానులో సున్నం పొడి మూట, ఇరవై నాలుగు అడుగుల నిచ్చెన, ఒక మెట్ల బుట్ట, ఒక బల్ల ఖాళీ స్థలానికి చేరాయి. కబురందుకుని వెల్డరూ వచ్చాడు. ముందు బావమరిది మాట మన్నించి యాభైకి వంద గీశారు. భార్య ఒక మూల నుంచి మెట్ల బుట్ట ఎత్తుకుని బల్ల దాకా నడిచింది. మూడోసారికి బుట్ట దింపేసి దాని మీదే కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇందులో మీ బావని భోజనానికి పిలవాలంటే ఉత్తరం రాయాల్రా."

తరవాత ఇరవై నాలుగుకి ముప్ఫై గీశారు. రంపం ఉండే చోట బల్ల పెట్టారు. భార్య ఒక గీత మీద, బావమరిది ఎదుటి గీత మీద గోడల్లా చేతులు చాచి నిలబడ్డారు. మేస్త్రి, వెల్డరు నిచ్చెన ఎత్తి అడ్డంగా తిప్పారు. ఒక కొస భార్య భుజానికి, రెండో కొస బావమరిది పొట్టకి ఒకేసారి తగిలాయి.

"గోడ పడిపోయింది బావా," అన్నాడు బావమరిది, పొట్ట పట్టుకుని కూలబడుతూ.

గీత చెరిపి రెండడుగులు జరిపారు. మళ్ళీ తిప్పారు. మళ్ళీ జరిపారు. ముప్ఫై రెండు అడుగుల దగ్గర నిచ్చెన చుట్టూ తిరిగింది, రెండు పక్కలా బల్లలకి నాలుగేసి అడుగులు మిగిలాయి. పొడవు దగ్గర మేస్త్రి మళ్ళీ చిక్కుకున్నాడు. రంపానికి ముందు ఒక గడ పొడవు, వెనక ఒక గడ పొడవు కావాలి. యాభై దాటుతోంది. అతను తల గోక్కుంటుంటే భార్య గీత మీద నుంచే అడిగింది.

"ఏమండీ, ఆ కన్నం మనతో రాకూడదా?"

మేస్త్రి ఆమె వంక చూశాడు. రంపానికి సూటిగా ముందొక తలుపు, వెనకొక తలుపు. తెరిస్తే గడ ఎంత పొడవున్నా రానూ వస్తుంది, పోనూ పోతుంది. నలభై అడుగులు చాలు. తడి నిచ్చెనలకి బయట గోడ వెంట ఎనిమిది అడుగుల చూరు. సాయంత్రం దాకా ఆగకుండానే వెల్డరుకి ఆ ఒక్క మాట చెప్పేశాడు.

బావమరిది సున్నం అంటిన చేతులు దులుపుకుంటూ, తన షెడ్డు కట్టే ముందు ఈ మూట ఎక్కడ దాచారని నిష్ఠూరమాడాడు. అప్పుడు నువ్వు ఎవరి మాట విన్నావని అక్క అడిగితే, పావురాల మాట విన్నానన్నాడు.

షెడ్డు లేచిన రోజు దర్జీ కూడా వచ్చాడు. చూరు కింద కొత్త గోడని చేత్తో తట్టి చూసి, తన గోడంత కాదుగానీ పర్వాలేదన్నాడు. మొదటి పనిగా మేస్త్రి, వెల్డరు పెద్ద నిచ్చెన ఎత్తారు. మేస్త్రి నోటికి అలవాటైన కేక దానంతటదే వచ్చేసింది.

"తలకాయలు!"

దర్జీ వంగాడు, భార్య వంగింది, బావమరిది కూడా వంగాడు. నిచ్చెన వాళ్ళ దరిదాపుల్లోకైనా రాకుండా, దేనికీ తగలకుండా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. వంగినవాళ్ళు వంగినట్టే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. మేస్త్రి నిచ్చెన దింపలేదు. ఇంకొక చుట్టు తిప్పాడు, ఏ పనీ లేకుండా, ఊరికే.