నొక్కినవాళ్ళందరూ మనవాళ్ళే

ఇంటర్నెట్‌లో సరుకు అమ్మడం గురించి నాకన్నా తక్కువ తెలిసినవాడు బెంగాల్లోని మా రైల్వే పేట లిలువా మొత్తంలో లేడని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. అప్పట్లో ఆ ధైర్యం లేక అన్నీ తెలుసన్నాను. రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, ఫోను మీద వేలు ఆడించడం వచ్చింది కదా, వ్యాపారం కూడా వచ్చేసినట్టేననుకున్నాను. వేలు ఆడింది. వేలు పోయాయి.

కొట్టు మా ఆవిడది. స్టేషను పక్క సందులో ఇడ్లీ పాత్రలు, దోసె పెనాలు, జంతికల గొట్టాలు, కాఫీ ఫిల్టర్లు అమ్ముతుంది. ఒకప్పుడు వర్క్‌షాపు తెలుగు కుటుంబాలన్నీ అక్కడికే వచ్చేవి. తరవాత బెంగాలీల ఇళ్ళల్లోకి దోసె వెళ్ళింది, దాని వెనకే మా పెనమూ వెళ్ళింది. వాళ్ళొచ్చి “బౌది, ఏటా కొతో?” అంటారు. ఇదెంత వదినా, అని. మాకు ‘ఏటి’ అంటే ప్రశ్న, వాళ్ళకి ‘ఏటా’ అంటే ‘ఇది’. మనం అడిగితే వాళ్ళు చూపించేస్తారని మా ఆవిడ మురిసిపోయేది.

కానీ రిటైరైనవాళ్ళలో చాలామంది సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళ పిల్లలు న్యూ టౌన్ అపార్ట్‌మెంట్లలో చేరి, చెంచా దగ్గర్నుంచి సోఫా దాకా ఫోనులోనే తెప్పించుకుంటున్నారు. బేరాలు పల్చబడ్డాయి.

“దసరా పూజల దాకా సూస్తానండి,” అంది మా ఆవిడ ఒకరోజు షటరు దించుతూ. “అప్పటికీ ఇలాగే ఉంటే ఇంక ఎత్తను.”

మా ఇంట్లో తెల్లవారేది ఆ షటరు చప్పుడుతోనే. అది లేకపోతే పొద్దున్నే లేచి ఈవిడ ఏం చేస్తుందో నాకు ఊహకందలేదు. ఏం చేసినా అది నన్నే చేస్తుందన్న భయమూ కొంత ఉంది. అందుకని నేను రంగంలోకి దిగాను.

సలహా మా బావది. మా అక్క భర్త, షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఏ విషయమైనా చెప్పమంటే చాలు, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

“ధరలు పోల్చి సూపించే సైట్లుంటాయి బామ్మర్దీ. ఎవుడికేటి కావాలో అది ఎతికి, ఏ కొట్లో ఎంతో పక్కపక్కన ఎట్టీస్తాది. మన కొట్టు అందులో ఎక్కించీ, అంతే.”

“డబ్బులేమైనా కట్టాలా బావా?”

“సూడ్డానికి డబ్బులేటి?”

చూడ్డానికే డబ్బులనీ, అవి చూసినవాడు కాదు, చూపించుకున్నవాడు కట్టాలనీ మా ఇద్దరికీ తెలీదు. నేను ఎంచుకున్న సైటు పద్ధతి అది. ముందుగా కొంత జమ చేయాలి. ఎవరైనా మన సరుకు మీద నొక్కి లోపలికొచ్చిన ప్రతిసారీ, కొన్నా కొనకపోయినా, అందులోంచి కొంత కోసుకుంటుంది. జమ అయిపోగానే మన కొట్టు మాయం. ఇదంతా షరతుల్లో రాసే ఉంది. నేను షరతులు చదవలేదు. ‘ఒప్పుకుంటున్నాను’ అన్నచోట మాత్రం శ్రద్ధగా నొక్కాను.

ఆ తరవాత ఇంకా పెద్ద పని చేశాను. మా తెలుగువాళ్ళ ఫోను గ్రూపులో లింకు పెట్టి, మన కొట్టు ఇంటర్నెట్‌లోకి వచ్చింది, అందరూ వచ్చి చూడండి అని రాశాను. మావాళ్ళకు ఒక గొప్ప అలవాటుంది. ఓడరేవు డాకుల్లో పనిచేసేవాళ్ళు కానీ, కార్పొరేషన్‌లో పనిచేసేవాళ్ళు కానీ, పిలిస్తే రాకుండా ఉండరు. గృహప్రవేశానికి ఎలా వస్తారో దీనికీ అలాగే వచ్చారు. కాకపోతే గృహప్రవేశానికి ఒక్కసారే వస్తారు. దీనికి రోజూ వచ్చారు. పొద్దున్నే మొహం కడుక్కుని, టీ గ్లాసు అందుకునే ముందు, మనవాళ్ళ కొట్టు బాగుండాలని ఒక నొక్కు నొక్కేవారు.

గుడిలో భక్తుడు టికెట్టు కొని దేవుణ్ణి చూస్తాడు. ఇక్కడ దేవుడే భక్తులందరికీ టికెట్లు కొనిపెడుతున్నాడు. ఆ దేవుడి పేరు నా పింఛను.

సాయంత్రం న్యూ టౌన్‌లో ఎవరైనా ఆఫీసు నుంచి వచ్చి ఇడ్లీ పాత్ర కోసం వెతికితే మా కొట్టు కనిపించేది కాదు. ఆపాటికి మావాళ్ళు జమ అంతా చూసేసి ఉండేవారు. నేను మర్నాడు మళ్ళీ కట్టేవాణ్ణి. జనం ఎగబడుతున్నారని మా ఆవిడకు చెప్పేవాణ్ణి.

“ఎగబడతన్నోళ్ళలో ఒక్కరైనా కొనరేటండీ?” అనేది.

అసలు సంగతి ఒక బారసాలలో బయటపడింది. భోజనాల దగ్గర మా అక్క, “మీ కొట్టు రోజూ సూస్తన్నామమ్మా,” అంది మా ఆవిడతో. “మీ అన్నయ్యయితే పొద్దుటొకసారి, సందేళొకసారి. మొన్న మర్చిపోనాడనీసి నేనే నొక్కీసినాను.”

పక్కనున్నావిడ అందుకుంది. “మా ఇంటిల్లిపాదీ నొక్కుతాం అప్పా. మా అత్తకి సూపు ఆనదు గానీ, ఏలు అట్టుకుని నొక్కించీసినాను.”

మా ఆవిడ పాయసం పూర్తిగా తాగింది. బస్సెక్కాక అడిగింది. “అలా నొక్కితే మనకేటైనా ఖర్చాండీ?”

అప్పుడు చదివాను షరతులు. బస్సు కుదుపుల్లో కూడా స్పష్టంగానే ఉన్నాయి. నొక్కినప్పుడల్లా నా డబ్బు నొక్కేస్తున్నారు.

ఈ వార్త బావకు చేరింది. ఆయనకు చేరిందంటే అందరికీ చేరినట్టే. “మా బామ్మర్ది మనసున్న మారాజు. మనం సూసినందుకు ఎదురు డబ్బులు కట్టీసినాడు. నా పెళ్ళిలో కూడా నాకింత మర్యాద సెయ్యనేదు,” అని షాలిమార్ అంతా చెప్పుకుని నవ్వాడు. ఈ సలహా ఎవరిచ్చారో మాత్రం ఎక్కడా చెప్పలేదు. అంత ఉత్సాహంగా రోజూ చూసిన మనిషి మా కొట్లో ఒక్క గరిటె కూడా కొనలేదన్నది నేను మనసులో పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంటర్నెట్ వ్యవహారం మా ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. తను చేసిన పనిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటూనే ఉన్నాను, ఎక్కువగా తను వినేలా.

ఒకదాన్నే ఎందుకు నమ్ముకోవాలని ఇంకో రెండు సైట్లలో కూడా కొట్టు ఎక్కించింది. రెండోది ఎంతమంది చూసినా ఏమీ అడగదు. సరుకు అమ్ముడైతే మాత్రం వాటా గట్టిగా లాగుతుంది. మూడోది పూర్తిగా ఉచితం, అందుకని మనల్ని ఎక్కడో అట్టడుగున పడేస్తుంది. సంబంధాలు చూసేవాళ్ళతో పోలిస్తే, మొదటాయన పెళ్ళిచూపులకే రుసుము తీసుకుంటాడు, రెండో ఆయన పెళ్ళయ్యాక తీసుకుంటాడు. మూడో ఆయన ఏమీ తీసుకోడు కానీ మన అమ్మాయి ఫొటోను కట్టలో అందరికన్నా కింద పెడతాడు.

ఎవరు నయమో తేల్చడానికి బల్ల మీద మూడు ఇడ్లీ రేకులు పెట్టింది, ఒక్కో సైటుకు ఒకటి. ఆర్డరు వచ్చినప్పుడల్లా ఏ దారిన వచ్చిందో చూసి ఆ రేకు గుంటలో ఒక చింతపిక్క వేసేది. సైటు రుసుము పోగా మనకు ఏమీ మిగల్లేదనుకుంటే ఆ పిక్క తీసేసేది. కొన్నాళ్ళకు రెండో రేకు నిండుతూ వచ్చింది. మూడోదాంట్లో ఒకటీ అరా పడ్డాయి. సంగతి తెలిశాక కూడా చుట్టాల వేళ్ళు అలవాటు మానలేదు, మొదటిది తోమిపెట్టినట్టే ఉంది.

నేనైతే మొదటి సైటును వదిలేసేవాణ్ణి. ఆవిడ వదల్లేదు. వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోను చేసి, తన బెంగాలీలో అడిగింది. “దాదా, మా కొట్టు మా చుట్టాలకు కనబడకుండా, మిగతా అందరికీ కనబడేలా పెట్టగలరా?”

చుట్టాల నుంచి రక్షణ కోరిన వ్యాపారి అవతలాయనకు ఇంతవరకూ తగిలినట్టు లేదు. అయినా మర్యాదగా చెప్పాడు. ఏ పేటలో కనబడాలో, ఏ వేళల్లో కనబడాలో మనమే పెట్టుకోవచ్చట. లిలువా, షాలిమార్ తీసేసి, న్యూ టౌన్‌కి, అదీ సాయంత్రాలకే పరిమితం చేయించింది. మొదటి రేకులోనూ పిక్కలు పడ్డాయి.

ఆ సైట్ల తెలివికి నేను దణ్ణం పెట్టక తప్పలేదు. ఒకావిడ వస్తువు పేరు తెలియక, పిండి పెట్టి నొక్కితే తీగలు తీగలుగా వచ్చేది కావాలని రాసిందట. సైటు తిన్నగా ఆవిణ్ణి మా జంతికల గొట్టం దగ్గరికి తీసుకొచ్చింది. మా ఇంట్లో పేరు పెట్టి అడిగినా నాకు ఏ వస్తువూ అంత తొందరగా దొరకలేదు.

ఈలోగా మావాళ్ళు కంగారుపడ్డారు. “మీ కొట్టు కనబడ్డం నేదేటి? మూసీసారేటి?” అంటూ చూసిపోదామని ఒక్కొక్కరే స్వయంగా వచ్చారు. మా ఆవిడ స్టూలు వేసి, “వచ్చినారు కదా, ఏటి ఇమ్మంటారు?” అనేది. చూపుకు డబ్బు కట్టక్కర్లేని చుట్టాలు గుమ్మంలో నిలబడితే ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. పూజలు వచ్చి వెళ్ళాయి. షటరు ఇప్పటికీ రోజూ లేస్తూనే ఉంది.

రానివాడు బావ ఒక్కడే. ఆయనకు నేను రెండో సైటు లింకు పంపాను. “నీ చెయ్యి మంచిది బావా. ఇందులో ఎంత చూస్తే మాకు అంత మంచిది,” అన్నాను. పొగిడితే కాదనే అలవాటు ఆయనకు లేదు. పొద్దుటొకసారి, సందేళొకసారి మొదలుపెట్టాడు.

చూపుకు రుసుము తీసుకోని ఆ సైటు, చూసినవాణ్ణి మాత్రం ఊరికే వదలదు. ఈ పెద్దమనిషి ఇడ్లీ పాత్ర లేక అల్లాడిపోతున్నాడని నమ్మి, ఆయన వెంటపడింది. వార్తల పక్కన ఇడ్లీ పాత్ర. క్రికెట్ స్కోరు కింద ఇడ్లీ పాత్ర. భక్తిపాటల మధ్యలో ఇడ్లీ పాత్ర.

“ఇదెలా ఆపాలి బామ్మర్దీ?” అన్నాడు ఫోనులో, చిన్న గొంతుతో.

“కొనేస్తే ఆగుతుంది బావా.”

కొన్నాడు. పూర్తి ధరకు. మా ఆవిడ రెండో రేకులో పిక్క వేసింది. ఇడ్లీ పాత్ర నిజంగానే ఆగిపోయింది. ఇప్పుడు ఆయన ఫోనులో జంతికల గొట్టం తిరుగుతోందట.