చెవులు కోసిన మంద

గుత్తి కోర్టులో ఇరవై ఏళ్లుగా వకీలుగా ఉన్నాను. ఆస్తి దాచే మొగుళ్లను చూసీ చూసీ నాకు నోరెక్కువైంది. పొలం తమ్ముడి పేరున, ట్రాక్టరు బావమరిది పేరున రాసేవాళ్లే అందరూ. ఇతగాడు మాత్రం గొర్రెల మందనే దాచాడు.

పెళ్లాన్నీ కూతురినీ వదిలేసి వజ్రకరూరు దగ్గర ఇంకో కాపురం పెట్టినవాడు. కోర్టు భరణం వేసి రెండేళ్లయినా రూపాయి ఇవ్వలేదు. కూతురికి నర్సింగులో సీటు వచ్చింది, ఆ నెలలోపు ఫీజు కట్టాలి. జప్తుకు అర్జీ పెడితే, జడ్జి ముందు చేతులు కట్టుకుని, "నాకు ఒక్క గొర్రె గూడా లేదు సార్, కూలికి పోతాండా" అన్నాడు. ఏం నటనరా నాయనా అనుకున్నాను.

మంద విడపనకల్లు అవతల వాళ్ల చిన్నాయన దొడ్డిలో ఉందని తెలిసింది. జప్తు చేసే కోర్టు అమీనునూ, నా కక్షిదారైన అతని పెళ్లాన్నీ వెంటబెట్టుకుని పోయాను. మావైపు ఒక్కో ఇంటి మందకు చెవి మీద ఒక్కో గాటు ఉంటుంది, అదే గుర్తు. వీళ్లది కుడిచెవి కొసన. చూస్తే ప్రతి గొర్రెకూ ఆ కొసే కోసేసి ఉంది. పుండ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. ఎంత పాపిష్టి పని!

ఆమె దడి దగ్గర నిలబడి నాలుకతో టక్కుమనిపించింది. మంద మొత్తం పరుగెత్తుకొచ్చి ఆమెను చుట్టుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇవి మావేనని చెప్పి వేలిముద్ర వెయ్‌మ్మా" అన్నాడు అమీను.

ఆమె ఈగలు తోలుతూ అడిగింది. "పట్టుకపోయి ఏం చేస్తారు సార్?"

"వేలం వేస్తారు."

"ఎవరు కొంటారు?"

"ఈ కరువులో మేపేటోడు యాడుండాడమ్మా? కటికోళ్లే."

ఆమె కాళ్లకు ఒరుసుకుంటున్న గొర్రెను పక్కకు జరిపింది. తర్వాత, "ఇవి నావి గావు సార్" అంది.

బస్సులో దారి పొడవునా తిట్టాను. "కూతురి చదువుకన్నా గొర్రెలు ఎక్కువైనాయా నీకు?"

"ఎక్కువని కాదు మేడమ్. యాడ పచ్చాకు దొరికితే ఆడికి తోలకపోయి సాకినా. వాటిని కటికోనికి నేనే చూపిస్తానా?"

అర్జీ కొట్టేశారు. ఆ పిల్ల ఇప్పుడు మిరపకోతకు పోతోంది. తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

మేం వచ్చేసిన మూడో రోజే మొగుడు మందనంతా కటికోళ్లకు అమ్మేశాడని అమీను చెప్పాడు. నేను ఆమెకు చెప్పలేదు. సంతకు వచ్చినప్పుడల్లా ఆమె నా ఆఫీసు గడప దగ్గర కూర్చుంటుంది, కేసు మాట ఎత్తదు.

"మంద ఎట్లుండాదంట మేడమ్?"

"బాగుండాదంటలే" అంటాను.