మెడ పక్కన తూటా ముక్క

2023 వర్షాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌గా అప్పటికి పన్నెండేళ్లుగా చేస్తున్నాను. ఎం.ఆర్.ఐ. యంత్రమంటే పెద్ద అయస్కాంతం. ఒంట్లో ఇనుప ముక్క ఉన్నవాళ్లను అందులోకి పంపితే, ఆ ముక్క కదిలి ప్రాణం తీయవచ్చు. అందుకే ముందు స్క్రీనింగ్ ఫారం నింపిస్తాం.

ఆ రోజు చేతి తిమ్మిర్లతో శేఫాలి గారు వచ్చారు. అరవై ఎనిమిదేళ్లు. 1971 యుద్ధమప్పుడు తూర్పు బెంగాల్ నుంచి శరణార్థిగా వచ్చి, ఇక్కడి అబర్డీన్ బజార్లో తెలుగు వ్యాపారిని పెళ్లాడిన మనిషి. ఫారం కొడుకు రమేష్ నింపాడు. ఒంట్లో లోహం ఉందా, పాత గాయాలున్నాయా అన్న ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అనే రాశాడు.

గౌను తొడుగుతుంటే మెడ దగ్గర గుంట పడిన మచ్చ కనిపించింది. బయటికొచ్చి రమేష్‌ని అడిగాను.

“చిన్నప్పుడు చెట్టు మీంచి పడిందంట దీదీ. జల్దీ కానివ్వండి, షాపు బంద్ చేసి వచ్చాను.”

నమ్మకం కుదరక ఎక్స్‌రే తీయించాను. వెన్నుపూస పక్కనే తూటా ముక్క! ఫిల్మ్ తీసుకెళ్లి రమేష్ ముందు పెట్టాను.

“తెలిసే లేదని రాశారా?” అని అరిచాను.

“రిపోర్టులో గోలీ అని రాయకండి దీదీ. లడాయిలో మిలిటరీవాళ్లు ఈమెనేం చేశారోనని బజారంతా అనుకుంటారు. మా ఇజ్జత్ పోద్ది.”

తల్లి ప్రాణం పోయినా ఫర్వాలేదన్నమాట! ఒళ్లు మండిపోయింది. అతన్ని బయటే ఉంచి తలుపు వేశాను. కానీ లోపల నేను ఆమెను అడిగిన మొదటి మాట కూడా అదే: “అమ్మా, వాళ్లు మిమ్మల్నేమైనా చేశారా?”



“నువ్వూ అదే అడిగావా బేటీ? డెబ్బై ఒకటిలో నాకు పదహారేళ్లు. పోరాడేటోళ్ల కోసం చేపల బుట్ట అడుగున తూటాలు పెట్టి, పడవలో నది దాటించేదాన్ని. దెబ్బలు తగిలినోళ్లని అదే పడవలో వెనక్కి తెచ్చేదాన్ని. ఏడోసారి నన్ను కాల్చారు. మా అన్న ఒక్కసారి కూడా నది దాటలేదు. ఆడు పోరాడినోడు అన్నారు. నన్ను చూసి పాపం అన్నారు. నాకేం జరిగిందని అందరూ అడిగారు. నేనేం చేశానని ఒక్కరూ అడగలేదు.”



ఎం.ఆర్.ఐ. మానేసి, అయస్కాంతం లేని సి.టి. స్కాన్ తీశాం. మెడలో నరం నొక్కుకుపోయిందని తేలింది. కొన్ని నెలల ఫిజియోథెరపీతో చేతికి పట్టు తిరిగొచ్చింది. తూటా ముక్కను డాక్టర్లు కదపలేదు. కొత్త ఫారం ఆమే దగ్గరుండి రాయించారు: 1971 యుద్ధంలో తుపాకి గాయం, తూటాలు చేరవేస్తుండగా. రమేష్ అడ్డుపడబోయాడు.

“చుప్! గోలీ తిన్నది నువ్వా, నేనా?”



ఇప్పుడు ఎవరొచ్చినా ఫారం పేషెంటు చేతికే ఇస్తాను, బంధువులను బయట కూర్చోబెడతాను. అది ముందునుంచీ ఉన్న నియమమే, నేనే పాటించలేదు. రమేష్ మీద కోపం కొన్నాళ్లకు చల్లారింది. నేనడిగిన ఆ మొదటి ప్రశ్న మీద కోపం మాత్రం ఈరోజుకీ చల్లారలేదు.