షావుకారు వద్దన్న ఐటం నంబరు

నేను బరంపురంలో డ్రాయింగు బల్ల ముందు కూర్చున్న ఏడాదే మా ఊరిని మద్రాసు రాజధానిలోంచి తీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపారు. మా కార్ఖానా షావుకారు దీనికి ఒప్పుకోలేదు. ఒప్పుకుంటారా అని ఆయన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు గాని, అడగకపోయినా ఆయన ఒప్పుకోలేదు. కొత్త రాష్ట్రపు రాజధాని కటకం నుంచి వచ్చిన కాగితాన్ని ముందు రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా చూసి, ఆ తర్వాతే చదివేవారు.

బడా బజార్లో ఆయనది తాతల నాటి ఇనప సామాను కొట్టు. వెనకున్న ఖాళీ స్థలంలో ఒక పోత షెడ్డు, ఒక బిగింపు షెడ్డు వేసి, నూనె మిల్లులకీ బియ్యం మిల్లులకీ కావలసిన భాగాలు చేయించేవారు. మేడ మీద డ్రాయింగు గది. అందులో ఇద్దరం. నేను, నా పైన కటకం నుంచి వచ్చిన ఒక ఒడియా పెద్దమనిషి. అందరూ ఆయన్ని బొడొబాబు అనేవారు, అంటే పెద్దబాబు అని. ఆయనకి కోపం తెలియదు, తొందర తెలియదు. తెలిసిందల్లా వరస. బల్ల మీద పెన్సిళ్లు పొడుగు ప్రకారం ఉండేవి. భోజనంలో కూడా కూరలు ఒక వరసలో తినేవారు, మధ్యలో ఎవరైనా పులుసు వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు.

మా పని తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. యంత్రం బొమ్మ గీశాక అందులో ప్రతి భాగానికీ ఒక సున్నా చుట్టి నంబరు వేస్తాం. మూలన ఒక పట్టిక ఉంటుంది. ఏ నంబరు ఏ భాగం, ఏ లోహం, ఎన్ని కావాలి అన్నది అందులో ఇంగ్లీషులో రాస్తాం. బొమ్మలో ఏదైనా మారిస్తే పక్కన ఎ, బి అని రివిజన్ అక్షరం వేస్తాం. కింద షెడ్లలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. కాబట్టి వాళ్లకి నంబరే భాగం పేరు. "పన్నెండు పగిలింది", "ఐదుకి బెజ్జం పెద్దదైపోనాది" అని మాట్లాడుకునేవారు.

ఆ వానాకాలం ముందు గోపాలపూర్ నుంచి ఒక పని వచ్చింది. అక్కడ పడవలున్న ఒక వర్తకుడికి, వాటిని నీళ్లలోంచి ఇసుక మీదికి లాగడానికి చేత్తో తిప్పే వించి కావాలి. పిడి తిప్పితే పీపా తిరిగి దానికి మోకు చుట్టుకుంటుంది, మోకు చివర కట్టిన పడవ పైకి వస్తుంది. పిడి వదిలేసినా పీపా వెనక్కి తిరగకుండా పళ్ల చక్రంలో పడే చిన్న ఇనప ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని మేం నాలుక అనేవాళ్లం. మా కార్ఖానాలో అంతకుముందు ఎవరూ వించి చేసినవారు కారు.

బొడొబాబు నెలంతా కూర్చుని అందమైన బొమ్మ గీశారు. పట్టికలో పదహారు భాగాలు. మొదటిది చట్రం, చివరిది షావుకారు పేరున్న ఇత్తడి రేకు. బ్లూప్రింట్లు తీసి రెండు షెడ్లకీ ఇచ్చాక, ఒక పొద్దున షావుకారు మేడెక్కి వచ్చి పట్టిక మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"లాభం, రెండు, మూడు..."

తూకాల వ్యాపారంలో పెరిగిన మనిషి, ఒకటి అనరు, లాభం అంటారు. వేలు ఆరు దాటి ఆగిపోయింది.

"ఇదేటి?"

"నాలుకండి. చక్రం వెనక్కి తిరగకుండా..."

"అది కాదురా అబ్బాయ్. దాని అంకేటి?"

నేను నోరు తెరిచాను.

"సెప్పకు! ఇంకా బోణీ కానేదు. ఆ మాట నా సెవిలో ఎయ్యకు."

ఏడు అనే మాటలో ఏడుపు ఉందని కొట్లో సామాను తూచేటప్పుడు ఆరున్నొక్కటి అనేవారు. అది కొట్టుకే అనుకున్నాను, డ్రాయింగు గదికి కూడా వస్తుందనుకోలేదు.

"సముద్రం మీద మనకిదే మొదటి పని. దాని నడిమధ్యన ఏడుపు ఎట్టుకుని కూకుంటారేటి? తీసెయ్యండి."

బొడొబాబు నవ్వి, "హేబొ, హేబొ. ఆరు తరవాత ఎనిమిది రాస్తాను. కిచ్ఛి అసుబిధా నాహిఁ" అన్నారు.

ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది కింద ఉంది. నాలుక ఎనిమిది అయితే ఎనిమిదిగా ఉన్న పిడి తొమ్మిది అవుతుంది. తొమ్మిది పది అవుతుంది. అలా జరుగుతూ చివరి పేరు రేకు పదిహేడు అవుతుంది.

"పోత షెడ్డులో ఎనిమిదంటే పిడేనండి. వాళ్ల దగ్గర పాత కాపీ ఉంది," అన్నాను.

"కొత్త కాపీ ఇస్తాం కదా," అన్నారు బొడొబాబు. "లిస్టు మారితే నంబర్లు వరసగా ఉండాలి. నాలుక ఒక్కదాన్నీ తీసుకెళ్లి చివర ఎలా రాస్తాం?"

ఆయన కొత్త ట్రేసింగు గుడ్డ మీద బొమ్మంతా మళ్లీ గీసి, మూలన రివిజన్ ఎ అని వేశారు. పాత బ్లూప్రింట్లు వెనక్కి తెమ్మన్నారు. బిగింపు షెడ్డు కాపీ తెచ్చాను. పోత షెడ్డు కాపీ మాత్రం మసిలో అచ్చుల మధ్య మడతపడి ఉంది, పోత మేస్త్రి ఇవ్వనన్నాడు.

ఆ రోజుల్లో బ్లూప్రింటు తీయాలంటే ఎండ కావాలి. గాజు పలక కింద గుడ్డనీ మందు రాసిన కాగితాన్నీ పెట్టి పెరట్లో ఎండబెట్టాలి. రివిజన్ ఎ తయారైన రోజునే వాన మొదలైంది. మబ్బు విడవదు. పని ఆగకూడదని కొత్త పట్టిక మటుకు చేత్తో రాసి బిగింపు మేస్త్రికి ఇచ్చాను. ఇంకొకటి రాయబోతుంటే షావుకారు ఆపారు.

"పోత షెడ్డుకి నాను సెప్తానులే. నీకెందుకు సెమ?"

మర్నాడు నన్ను గోపాలపూర్ పంపారు, వించి పాతే చోటు కొలవడానికి. నేను లేని ఆ వారంలో ఏం జరిగిందన్నది తర్వాత అందరి నోటా విన్నాను. షావుకారు గొడుగు వేసుకుని పోత షెడ్డు గుమ్మంలో నిలబడి ఇలా చెప్పారట.

"ఒరే మేస్త్రీ, ఆరు తరవాత ఉన్నది మనకొద్దు. తీసెయ్."

నంబరు వద్దన్నారని ఆయన ఉద్దేశం. మేస్త్రికి నంబరూ భాగమూ ఒకటే. బొగ్గుతో ఏడు మీద అడ్డగీత గీసి, మిగతావన్నీ పోసి, సుద్దతో నంబర్లు వేసి పంపించేశాడు. నాలుక పుట్టనే లేదు.

బిగింపు మేస్త్రి చేతిలో బొమ్మ లేదు, నా పట్టిక ఒక్కటే ఉంది. అందులో ఏడు లేదు, వచ్చిన ముక్కల్లోనూ ఏడు లేదు. సరిపోయింది. చివరికి వచ్చేసరికి పట్టికలో పదిహేడు ఉంది, ముక్కల్లో లేదు. వానలోనే పోత షెడ్డు వైపు కేకేశాడట.

"పదిహేడు రానేదురోయ్!"

"పదిహేడేటి? నా కాయితంలో పదారే ఉన్నాయి!"

ఇద్దరూ మేడ మెట్ల దగ్గరికి వచ్చి బొడొబాబుని అడిగారు. ఆయన బల్ల ముందు నుంచి లేవకుండానే, పదిహేడు అంటే పేరు రేకు అన్నారు. పేరు రేకు అప్పటికే బిగింపు మేస్త్రి చేతిలో తళతళలాడుతోంది. "ఇది వొచ్చీసిందిరా," అన్నాడు. అందరి లెక్కలూ సరిపోయాయి. నాలుక బిగించాల్సిన బెజ్జం ఖాళీగా కనిపిస్తే అది నూనె పోసేది కాబోలనుకుని, శ్రద్ధగా నూనె కూడా పోశారు.

వాన తెరపి ఇచ్చిన రోజున గోనెలు కప్పి బండి మీద వించిని గోపాలపూర్ తెచ్చారు. ఒడ్డున జనం. జాలర్లు పడవకి పసుపు రాశారు. షావుకారు కొత్త పంచె కట్టుకుని మెడలో దండతో వచ్చి, పడవలో కూర్చుని పైకి వస్తానన్నారు. పడవల వర్తకుడు మర్యాదకి ఆయన పక్కన కూర్చున్నాడు. బొడొబాబు ఇసుక మీద కుర్చీలో ఉన్నారు.

నలుగురు జాలర్లు పిడి తిప్పారు. మోకు బిగుసుకుంది. పడవ కెరటాల్లోంచి లేచి దుంగల మీదుగా పైకి పాకింది. జనం ఈలలు వేశారు. షావుకారు లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తారు.

"సాలు సాలు! వొదిలెయ్యండి! పిడి వొదిలేసినా నిలబడతాది, సూడండి!"

నా కళ్లు అప్పుడే పళ్ల చక్రం మీద పడ్డాయి. దాని పక్కన ఉండాల్సింది లేదు.

"వదలకండి!" అని అరిచాను.

కాని వాళ్లు పని చేసిపెడుతున్నది షావుకారికి, నాకు కాదు. వదిలేశారు. పిడి గిర్రున వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, నలుగురూ నాలుగు దిక్కులకి గెంతారు. పడవ వచ్చిన దారినే, వచ్చినదానికన్నా చాలా ఉత్సాహంగా వెళ్లింది. షావుకారు చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

"బాబూ, ఎనక్కి ఎల్లిపోతన్నారు!" అని ఒక జాలరి చెప్పాడు, ఆయనకి తెలియదేమోనని.

పడవ కెరటంలోకి దూరి పక్కకి ఒరిగింది. నడుం లోతు నీళ్లే. జాలర్లు ఇద్దరినీ పట్టుకుని తెచ్చారు. వర్తకుడు నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూర్చుండిపోయాడు. షావుకారు మీంచి నీళ్లు కారుతున్నాయి, దండలో దారమే మిగిలింది. నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"ఏటైంది?"

"ఏడు లేదండి."

"ఒరే, ఇప్పుడు కూడానా! ఆ మాటెత్తకు!"

మర్నాడు మేడ మీద పంచాయతీ. పోత మేస్త్రి బొగ్గు గీత చూపించాడు, బిగింపు మేస్త్రి నా పట్టిక చూపించాడు. ఎవరి కాగితం ప్రకారం వాళ్లదే ఒప్పు. బొడొబాబు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన మొహంలో మొదటిసారి బాధ చూశాను. రెండూ వరసగానే ఉన్నాయి మరి.

"ఒక భాగానికి ఇచ్చిన నంబరు దానికే ఉండనివ్వండి," అన్నాను. "భాగం తీసేస్తే ఆ నంబరు ఎదుట తీసివేశాం అని రాద్దాం, ఇంకోదానికి ఇవ్వొద్దు. కొత్త భాగం వస్తే అడుగున కలుపుదాం. పాత కాపీ చేతికొచ్చాకే కొత్తది ఇద్దాం."

బొడొబాబు ఒప్పుకున్నారు. షావుకారు అన్నీ విని తల అడ్డంగా తిప్పారు.

"అంతా బాగానే ఉంది. ఆ అంకె మటుకు నా గుమ్మంలోకి రాదు."

అప్పుడు బొడొబాబు గొంతు సవరించుకున్నారు.

"షావుకారు గారూ, మా భాషలో దాన్ని సాతొ అంటారు. సాతొలో ఏడుపు నాహిఁ."

షావుకారు ఆలోచించారు. "సాతొ," అని ఒకసారి మెల్లగా అనుకున్నారు. బాగానే ఉన్నట్టుంది, మళ్లీ అన్నారు.

"ఇప్పుడు మనం ఒరిస్సాలోనే ఉన్నాం గదా," అన్నారు చివరికి. "అలాగే కానీండి."

కొత్త రాష్ట్రం విషయంలో ఆయన ఒప్పుకున్న మొదటి సంగతి అదే. కటకం కాగితాలు కూడా తర్వాత కాస్త దగ్గరగా పట్టుకునేవారు.

నాలుకకి దాని పాత నంబరే వేసి రివిజన్ బి గీశాం. ఇక పాత కాపీలన్నీ వెనక్కి రావాలి. పోత షెడ్డుది పొడి పొడిగా వచ్చింది. బొడొబాబు పక్కన పడేసిన మొదటి ట్రేసింగు గుడ్డ మాత్రం కనిపించలేదు. బిగింపు మేస్త్రి తీసుకెళ్లాడని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. ఆ గుడ్డకి పూసిన గంజి పోయేదాకా ఉతికితే మల్లెపువ్వులాంటి సన్న నార బట్ట వస్తుంది. మేస్త్రి భార్య చంటిపిల్లని ఎత్తుకుని బయటికి వచ్చింది. పిల్ల ఒంటి మీద కొత్త చొక్కా, వీపు మీద వెలిసిన సిరాలో పళ్ల చక్రం.

"ఇది కార్ఖానాదమ్మా. పాత కాపీ, వెనక్కి ఇచ్చెయ్యాలి," అన్నాను.

"ఇప్పమంటావేటి బాబూ? బయట సలిగాలి," అంది ఆవిడ.

వచ్చి బొడొబాబుకి చెప్పాను. ఆయన ఆలోచించి, "ఆ పిల్ల దాన్ని చూసి వించి చెయ్యదు కదా," అన్నారు. ఊరుకున్నాం.

నాలుక పోశారు, బిగించారు, మళ్లీ గోపాలపూర్ వెళ్లాం. పడవలో కూర్చోవడానికి ఈసారి షావుకారికి తీరిక లేకపోయింది. "బొమ్మ మీరే కదా గీసినారు, మీరు కూకోండి," అని బొడొబాబుని ఎక్కించారు. ఆయన చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. చక్రం మీద నాలుక టకటకమంటూ పడుతోంది. పడవ పైకి వచ్చింది. జాలర్లు పిడి వదిలేసి, ఈసారి ముందే నాలుగు దిక్కులకీ గెంతారు.

పడవ కదల్లేదు. ఎవరూ పిలవలేదు గనక బొడొబాబు చాలాసేపు అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నారు.