ఆసనాల పట్టీ

తెలివితక్కువ పనులు చేసినవాళ్ళు మామూలుగా వాటిని వయసు మీదికో గ్రహాల మీదికో నెట్టేస్తుంటారు. నాకు ఆ సౌకర్యం లేదు. నా తెలివితక్కువతనం సర్కారు రిజిస్టరు సాక్షిగా, ఇద్దరు ఊరి పెద్దలూ ఒక తహసీల్దారూ చూస్తుండగా జరిగింది. మొన్న పింఛను కోసం, నేనింకా బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ప్రొద్దుటూరులో ఒక ఆఫీసుకు వెళ్ళాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి తల ఎత్తి, "కూచోండి తాతా" అంది. ఎదురుగా కుర్చీ ఉంది, ఖాళీగానే ఉంది. నా మోకాళ్ళు మాత్రం వంగలేదు. "ఏం తాతా, నడుము పట్టిందా?" అంది. పట్టింది నడుము కాదనీ, నలభై ఏళ్ళ కిందటి జ్ఞాపకమనీ చెప్పలేక, నిలబడే వేలిముద్ర వేసి బయటపడ్డాను. జమ్మలమడుగు బస్సు కిటికీలోంచి పెన్న ఇసుక ఎండకు తెల్లగా కరుగుతున్నట్టు కనబడింది. కళ్ళు సగం మూసుకున్నాను. ఆ తెలుపులోంచి మెల్లగా ఒక వరండా, దాని వెనక ఒక పొడుగాటి గది తేలి వచ్చాయి.

అది ఏ ఊరి తాలూకా కచేరో చెప్పను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా నీళ్ళు తాగినవాణ్ణి. మీకు ఏ ఊరి మీద కోపముంటే ఆ ఊరనుకోండి. గోడలు మూరెడు మందం. మధ్యాహ్నం మూడింటికి కూడా లోపల తెల్లవారుజాము చల్లదనం ఉండేది. పైన దూలానికి పంకా తాడు లాగిన ఇనుప కొక్కేలు అలాగే ఉండేవి. వాటి పక్కనే కరెంటు ఫ్యాను, ఇష్టం లేని కాపురం చేస్తున్నట్టు, కిర్రుమంటూ తిరిగేది. పాత కాగితం, లక్క, గోందు కలిసిన వాసన ఒకటి గదిలో తేలుతుండేది. ఇప్పటికీ పాత పెట్టె తెరిస్తే నేను కాసేపు ఆ గదిలోకి వెళ్ళి వస్తాను.

ఆ గదిలో నాకు అప్పగించిన మొదటి ఆస్తి ఆసనాల పట్టీ. తోలు అట్ట, చేటంత పుస్తకం. కచేరికి వచ్చినవాళ్ళలో ఎవరిని దేని మీద కూర్చోబెట్టాలో ఎప్పుడో ఒక దొర రాయించిన జాబితా అది. పింఛను పొందే పాలెగాళ్ళ వారసులకు చేతుల కుర్చీ. వర్తకులకు చేతుల్లేని కుర్చీ. కరణం, మునసబులకు గోడవార బల్ల. తక్కినవాళ్ళకు వాళ్ళ కాళ్ళే. దొరలు పోయాక మనవాళ్ళు అందులో ఒక్క గీత కూడా కొట్టెయ్యలేదు. కొత్తవాళ్ళను మాత్రం చేర్చుకుంటూ పోయారు. సమితి ప్రెసిడెంటుకు చేతుల కుర్చీ, ఆయన మీద ఓడినాయనకూ, గొడవెందుకని, చేతుల కుర్చీ. కొత్తగా చేరిన గుమాస్తాను నేను. మా ఇంట్లో బైబిలు ఒక్కటే ఇంత లావు పుస్తకం. లావుగా ఉన్నదల్లా పవిత్రమే అనుకునే వయసు.

మా మేనత్త తొండూరు వైపు ఒక పల్లె బడికి ఒకే ఒక్క టీచరు. వాళ్ళ తాత మిషను బడిలో నేర్చుకున్న అక్షరాలనే తరానికి ఇంతని పంచుతూ వచ్చిన కుటుంబం. ఆ పల్లెలో పైవీధికి ఒక పెద్ద, కిందివీధికి ఒక పెద్ద. ఇద్దరివీ పొలాలున్న ఇళ్ళే, ఇద్దరి వెనకా మనుషులున్నారు. పైవీధాయన ఉన్న పార్టీలో కిందివీధాయన ఉండడు కాబట్టి, ఒకాయన పార్టీ మారితే రెండో ఆయనా మారక తప్పేది కాదు. ఆ ఏడు బడి వెనక గడ్డివామిలో నాటుబాంబులు దొరికాయి. పోలీసులు బడికి తాళం వేశారు. తాళంచెవి మా తహసీల్దారు బీరువాలో చేరింది. ఇద్దరు పెద్దలూ రాజీ కాగితం మీద సంతకం పెడితే తప్ప అది బయటికి రాదు. ఇంతలో, వారంలోగా బడి తెరవకపోతే పక్క ఊరికి మార్చేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. పక్క ఊరికి వాగు దాటి పోవాలి. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. వాళ్ళ చదువు ఆ వాగు ఒడ్డునే ఆగిపోతుందని అత్తకు తెలుసు.

కచేరిలో రాజీ సమావేశం రోజు అత్త మొదటి బస్సుకే వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచి, వాచిన పాదాలు. యాభై దాటిన మనిషి. ఆదివారం గుడిలో ముందు బల్ల ఆమెది. నన్ను చూసి ఎంత సంతోషంగా నవ్విందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేను నవ్వి, పుస్తకం తెరిచి చూశాను. "గ్రామ పాఠశాల ఉపాధ్యాయులు: నిలబడి విన్నవించుకొనవలెను." తలుపు పక్కన నిలబడమని చూపించాను.

కచేరి బంట్రోతు ముసలాయన, నడుముకు ఎర్ర పటకా, దాని మీద ఇత్తడి బిళ్ళ. నన్ను పక్కకు లాగాడు. "ఏమప్పా, ఆయమ్మ మీ అత్త గదా? ఆ ముక్కాలిపీటన్నా ఎయ్యి."

"రూలు లేదు మామా."

"రూలుకేంలే. దానికి కాళ్ళున్నాయా, వాచేదానికి?"

పదింటికి ఇద్దరు పెద్దలూ వచ్చారు, ఒకరు తూర్పు వాకిట్లోంచి, ఒకరు పడమటి వాకిట్లోంచి. మనుషుల్ని బయట వదిలి లోపలికొచ్చి చెరొక చేతుల కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ రాజీకి సిద్ధమే. చిక్కల్లా ముందు సంతకం ఎవరిదన్నది. ముందు పెట్టినవాడు తగ్గినట్టు. "ఆయప్పను పెట్టమనండి సార్, ఆనెంక నేను పెడతా" అని ఒకాయన. "నాకేం తొందర? నేను సాయంత్రం దాంకా ఈడనే ఉంటా" అని ఇంకో ఆయన. రెండు గంటలు గడిచాయి. ఫ్యాను తిరిగింది. అత్త ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. నేను చూస్తూనే ఉన్నాను.

చివరికి చూసింది పైవీధి పెద్ద. "ఏంది అయివారమ్మా, అప్పటినుంచి నిలబడుకోనే ఉండావా? రా, ఈడ కూచో" అని లేచాడు.

అప్పుడే నేను ఆ పని చేశాను. పుస్తకం గుండెలకు హత్తుకుని, గట్టిగా, స్పష్టంగా, "లేదు సార్. టీచర్లకు కుర్చీ లేదు. పట్టీలో లేదు" అన్నాను.

తహసీల్దారు గారు కాగితాల్లోకి తల దించుకున్నారు. ఆయనకూ పట్టీ అంటే భయమే. కిందివీధి పెద్ద నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "ఏమి న్యాయమప్పా ఇది? మేము మనుషుల్ని కొట్టొచ్చి కుర్చీల్లో కూచున్యాం. ఆయమ్మ పిల్లోళ్ళను గూడా కొట్టిండేది లేదు, ఆయమ్మకు కుర్చీ లేదా?" అని, శత్రువు ఒక్కడే మర్యాదస్థుడు కాకూడదు కాబట్టి, తనూ లేచి నిలబడ్డాడు.

అత్త సంచిని గోడకానించింది. "నాకు కుర్చీలొద్దు నాయనా. వారం దాటితే బడే ఉండదు. ముందెవురని గదా మీ కొట్లాట? మీరిద్దరూ మూడో తరగతిలో నా దగ్గరే గదా ఉండింది. హాజరు పిలుస్తా. పిలిచినోడు పిలిచినట్టే వచ్చి పెట్టల్ల."

ఆ పేర్లు నేను రాయను. ఆ రోజుల్లో గట్టిగా పలికితే అంగళ్ళు మూసుకునే పేర్లు అవి. అత్త వాటిని, ముందూ వెనకా తగిలించిన గౌరవాలేవీ లేకుండా, నిక్కరు వేసుకున్న పిల్లలను పిలిచినట్టు పిలిచింది. తలుపులోంచి పడుతున్న ఎండలో ధూళి మెల్లగా సుడి తిరుగుతోంది. "ఉన్నానమ్మా" అన్నాడు ఒకాయన, మీసం కింద ఎక్కడినుంచో వచ్చిన చిన్న గొంతుతో. కాసేపటికి రెండో ఆయనా "ఉన్నానమ్మా" అన్నాడు. ఇద్దరూ నిలబడే సంతకాలు పెట్టారు. హాజరు పట్టీలో ముందున్న పేరు ముందు పడింది. దానికి ఎవరూ తగ్గలేదు, ఎవరూ హెచ్చలేదు. తహసీల్దారు గారు తనొక్కరే కూర్చుని ఉన్నానని అప్పుడు గమనించి, లేచి బీరువా తెరిచి, తాళంచెవి అత్త చేతిలో పెట్టారు.

వరండా దాకా వెంట వెళ్ళాను. "అత్తా, రూలు అట్లుంది" అన్నాను.

ఆమె చెప్పులు తొడుక్కుంటూ, "నీకు ఉద్యోగమొచ్చిన దినం గుళ్ళో గంటసేపు మోకాళ్ళ మీద ఉన్యాను రా" అంది. "అప్పుడు గూడా కాళ్ళు నొచ్చినాయిగానీ, ఇంత కాదు."

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. పండక్కి మా ఇంటికొచ్చేది, నా పిల్లలకు లెక్కలు చెప్పేది. నా ఆఫీసు గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కుర్చీలు మారాయి, బిళ్ళ బంట్రోతు పోయాడు, ఇద్దరు పెద్దలూ పోయారు. అత్తను సమాధి చేసి వచ్చిన ఏడాదే నేను అధికారిగా అదే గదికి తిరిగొచ్చాను. ఆసనాల పట్టీ ఇంకా ఉంది! సగం చెదలు తిన్నాయి. శిథిలమైన రిజిస్టర్లకు నకళ్ళు తీయాలని ఉత్తర్వు ఉంది కాబట్టి, కొత్త పుస్తకం తెప్పించి, గుమాస్తాకు ఇవ్వకుండా నా చేత్తోనే రాశాను. పాలెగాళ్ళ వారసులు, వర్తకులు, కరణాలు, అందరినీ ఉన్నవాళ్ళను ఉన్నట్టే దించాను. ఉపాధ్యాయుల దగ్గరికి వచ్చేసరికి కలం కాసేపు ఆగింది. తర్వాత దొర భాషలోనే, దొర దర్జాతోనే ఇలా రాశాను: "చేతుల కుర్చీ, పంకా కింద. వారు ఆసీనులగు వరకు కచేరి అధికారి నిలబడి యుండవలెను." అడుగున "అసలుకు సరియైన నకలు" అని సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టి, అసలును చెదలకే వదిలేశాను. సర్వీసు మొత్తంలో నేను చేసిన దొంగపని అదొక్కటే.

నా తర్వాత వచ్చినాయన మహా కట్టుదిట్టం మనిషి. ఒకరోజు ఓటర్ల జాబితా తీసుకుని ఒక చిన్న టీచరమ్మ వస్తే, పట్టీ చూసి లేచి నిలబడ్డాడట. ఆ అమ్మాయి బెదిరిపోయి తనూ నిలబడిపోయిందట. "కూచోమ్మా తల్లీ, నువ్వు కూచుంటే గానీ నేను కూచునేందుకు లేదు, దొరల కాలం నాటి ఆర్డరు" అని ఆయన బతిమాలుకున్నాడని విన్నాను. ఏ దొరా అనని ఆ మాటకు ఆ తర్వాత ఎంతమంది అధికారులు లేచారో నాకు తెలియదు. కాలం మాత్రం ఇది అసలా నకలా అని ఎన్నడూ అడగలేదు, రెండు కాగితాలనూ ఒకే ఓపికతో పసుపుగా పండబెట్టుకుంటూ పోయింది.